సెలవు లెక్కకు అందని జబ్బు

భారత సైన్యంలో సిపాయి మొదలు సుబేదార్ మేజర్ వరకు ఉన్న శ్రేణుల వారికి నిబంధనల ప్రకారం ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. మొత్తం 90 రోజులంటే కాగితం మీద తక్కువేమీ కాదు. కోతల కాలానికో, చెల్లెలి పెళ్లికో, బిడ్డ బారసాలకో ఊరికి వచ్చి వెళ్లడానికి ఆ లెక్క సరిపోతుంది. కానీ జవాను భార్యకు క్యాన్సరో, మూత్రపిండాల వైఫల్యమో, గుండె కవాటాల జబ్బో వచ్చినప్పుడు ఈ లెక్క ఎందుకు చాలదో, చాలనప్పుడు ఆ లోటును ఎవరు పూడుస్తున్నారో, వారి చేత అలా పూడ్పించుకోవడం ఎంతవరకు న్యాయమో మన బహిరంగ చర్చలో దాదాపుగా వినిపించదు. సైనిక కుటుంబాల త్యాగం గురించి మన పత్రికలు, నాయకులు మాట్లాడేది అమరుడైన జవాను భౌతికకాయం ఊరికి చేరిన రోజునే. జవాను సరిహద్దులో క్షేమంగా ఉండి, ఊళ్లో అతని భార్య ప్రాణాపాయంలో ఉన్న ఇంటిని ఆ మాటలు చేరవు.

దీర్ఘవ్యాధి నడిచే తీరుకూ సెలవు ఇచ్చే తీరుకూ పొంతన లేకపోవడమే ఇందులో మొదటి చిక్కు. మన దేశపు స్త్రీలలో అన్ని క్యాన్సర్ల కన్నా ఎక్కువగా కనిపించే రొమ్ము క్యాన్సర్‌నే తీసుకుంటే, శస్త్రచికిత్సతో పాటు సాధారణంగా మూడు వారాలకు ఒకసారి చొప్పున ఆరు నుంచి ఎనిమిది విడతల కీమోథెరపీ, అంటే క్యాన్సర్ కణాలను చంపే మందులను రక్తంలోకి ఎక్కించే చికిత్స ఉంటుంది. ఆ తరువాత అవసరాన్ని బట్టి వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాల రేడియేషన్, కొందరికి ఏళ్ల తరబడి హార్మోను మాత్రలు ఉంటాయి. మందు ఎక్కించే రోజున ఆసుపత్రిలో నర్సులు, డాక్టర్లు దగ్గర ఉంటారు కాబట్టి ఆ రోజు ఎవరు తోడు వెళ్లినా గడిచిపోతుంది. అసలు ప్రమాదం ఆ తరువాత ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య, తెల్లరక్తకణాలు బాగా పడిపోయి, మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెచ్చే రోజుల్లో వస్తుంది. అర్ధరాత్రి ఒళ్లు కాలుతోందని గుర్తించి, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోయే మనిషి ఇంట్లో ఉండాల్సింది అప్పుడే. మూత్రపిండాల రోగికి డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున, మార్పిడి జరిగే దాకానో ప్రాణమున్నంత కాలమో సాగుతుంది. ఈ జబ్బులు అడిగేది ఏకబిగిన రెండు నెలల సెలవు కాదు. ఏడాది పొడుగునా, నెలకు కొన్ని రోజులు, కచ్చితంగా ఆయా రోజుల్లోనే దొరికే మనిషి. అరుణాచల్ సరిహద్దు నుంచో లద్దాఖ్ నుంచో శ్రీకాకుళం జిల్లాలోని ఊరికి రావడానికే రోజులు పట్టే జవాను, నెలకొకసారి వారం రోజులు వచ్చిపోవడం ఏ యూనిట్‌లోనూ సాధ్యపడే పని కాదు.

సివిల్ ఉద్యోగికి కూడా భార్య జబ్బు కోసమని విడిగా సెలవేమీ లేదన్నది నిజమే. అయితే అతడు సాయంత్రానికి ఇల్లు చేరతాడు, రాత్రి జ్వరానికి అందుబాటులో ఉంటాడు. సైనిక వృత్తిని మిగిలిన ఉద్యోగాల నుంచి వేరుచేసేది ప్రాణాపాయం ఒక్కటే కాదు, ఈ దూరం కూడా.

దూరం తెలుగు జిల్లాల్లో మరో రూపంలోనూ కనిపిస్తుంది. సర్వీసులో ఉన్న సైనికుడి భార్యకు సైనిక ఆసుపత్రుల్లో ఉచిత వైద్యం లభిస్తుంది. అక్కడ లేని చికిత్సకు బయటి ఆసుపత్రులకు పంపిస్తారు. ఇది విలువైన హక్కు, సైనిక వైద్యుల నైపుణ్యం మీద ఎవరికీ అనుమానం ఉండనక్కరలేదు. కానీ తెలుగు నేల మీద ఈ వ్యవస్థ ప్రధానంగా సికింద్రాబాద్‌లోని మిలిటరీ ఆసుపత్రి, విశాఖపట్నంలోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి చుట్టూ అల్లుకుని ఉంది. చిత్తూరు, అనంతపురం ప్రాంతాల వారికి వీటికన్నా బెంగళూరు దగ్గర. జవాను ఫీల్డ్ పోస్టింగ్‌లో, అంటే కుటుంబాన్ని వెంట ఉంచుకోవడానికి వీలులేని సరిహద్దు ప్రాంతంలో ఉంటే, భార్య అత్తవారి ఊళ్లోనో పుట్టింట్లోనో ఉంటుంది. లేదా ఇలాంటి కుటుంబాల కోసమే కంటోన్మెంట్లలో కేటాయించే క్వార్టర్‌లో పిల్లలతో ఒంటరిగా ఉంటుంది. ఊళ్లో ఉంటే మనుషులు దగ్గర, వైద్యం దూరం. కంటోన్మెంట్‌లో ఉంటే వైద్యం దగ్గర, మనుషులు దూరం. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపుతూ మిలటరీ మాధవరంగా పేరు పొందిన ఊరు వంటి చోట్ల ఇరుగుపొరుగు అందరికీ ఈ జీవితం తెలుసు కనుక కొంత ఆసరా దొరకవచ్చు. ఒకే ఒక్క జవాను ఉన్న ఊళ్లో ఆ ఇంటి బాధ ఎదుటివారికి అర్థం కావడమే కష్టం.

మరి ఈ లోటును పూడుస్తున్నది ఎవరంటే, చాలా ఇళ్లలో జవాను తల్లి, లేదా జబ్బుపడిన స్త్రీ తల్లి. వారికి చేతకానప్పుడు పదేళ్లు దాటిన కూతురు. రాజ్యం సరిహద్దులో నిలబెట్టిన మనిషి ఇంటి దగ్గర చేయలేని పనిని ఒక వృద్ధురాలు, ఒక బడి పిల్ల జీతం లేకుండా చేస్తున్నారు. దీన్ని దేశ రక్షణ వ్యయంలో ఏ పద్దు కిందా ఎవరూ చూపరు.

చట్టం ఈ విషయంలో ఏమంటుందో చూడాలి. సైన్యంలో సెలవు హక్కుగా అడిగేది కాదు, సర్వీసు అవసరాలకు లోబడి పై అధికారి మంజూరు చేసేది. రాజ్యాంగంలోని 33వ అధికరణం సైనిక దళాల్లో ఉన్నవారికి ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. 1950 నాటి సైనిక చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా గైర్హాజరైనా, తగిన కారణం లేకుండా సెలవు గడువు దాటి ఇంటి దగ్గర ఉండిపోయినా మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న భర్త వాదన ‘తగిన కారణం’ కిందికి వస్తుందా రాదా అన్నది అతడు నేరారోపణను ఎదుర్కొనేటప్పుడు గానీ తేలదు. సైనికుల సర్వీసు వివాదాలను త్వరగా పరిష్కరించడానికని 2007లో చట్టం చేసి సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేశారు గానీ, ఆ చట్టంలోనే ‘సర్వీసు విషయాలు’ అన్న నిర్వచనం నుంచి బదిలీలు, పోస్టింగులు, అన్ని రకాల సెలవులను మినహాయించారు. అంటే పదోన్నతి మీద, పెన్షన్ మీద ట్రిబ్యునల్ గడప తొక్కగల జవాను, భార్య చికిత్స కోసం అడిగిన సెలవును నిరాకరిస్తే అక్కడికి వెళ్లలేడు. హైకోర్టులో రిట్ వేసే మార్గం మిగిలి ఉన్నా, సైనికుల బదిలీల్లో కోర్టుల జోక్యానికి ఉన్న పరిధి సివిల్ ఉద్యోగుల విషయంలో కన్నా బాగా తక్కువని సుప్రీంకోర్టు 2005లో మేజర్ జనరల్ జె.కె. బన్సల్ కేసులో స్పష్టం చేసింది.

ఈ కాఠిన్యం వెనుక కారణం లేకపోలేదు. ఒక కంపెనీ కమాండర్, అంటే సుమారు వంద మందికి పైగా జవాన్లకు నేరుగా బాధ్యుడైన అధికారి, తన కాపలా స్థావరాల్లో ఎందరు ఉండాలో లెక్కపెట్టుకుని మిగిలిన వారికే సెలవు ఇవ్వగలడు. ఒకరిని పంపితే అతని రాత్రి కాపలా మరొకరి మీద పడుతుంది, ఆ మరొకరి ఇంట్లోనూ ఏదో ఒక అవసరం ఉంటుంది. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక మొదలైన ఆపరేషన్ పరాక్రమ్‌లో సైన్యం సుమారు పది నెలల పాటు సరిహద్దుల్లో మోహరించి ఉంది. అలాంటి కాలంలో సెలవును కోర్టులో తేల్చుకునే హక్కుగా మారిస్తే సైన్యం నడవదన్న వాదనను కొట్టిపారేయలేం. కానీ యుద్ధకాలపు అవసరాన్ని చూపించి శాంతికాలపు నిబంధనను కూడా అదే అచ్చులో పోయడం సరికాదు. దేశం మోహరింపులో ఉన్న నెలలు తక్కువ. సాధారణ విధుల సంవత్సరాలు ఎక్కువ.

ఆచరణలో ఒక ఉపశమనం ఉంది. జవాన్లు కంపాషనేట్ పోస్టింగ్ అని పిలిచే ఏర్పాటు కింద, కుటుంబంలో తీవ్ర సమస్య ఉన్నవారిని కొంతకాలం ఇంటికో ఆసుపత్రికో దగ్గరగా ఉన్న యూనిట్‌కు పంపుతారు. ఎందరో కమాండింగ్ ఆఫీసర్లు, జవాన్లు ఆప్యాయంగా తలచుకునే సుబేదార్ సాబ్‌లు ఈ దారిలో కుటుంబాలను కాపాడారు; 1966లో సైనికుల భార్యల సంక్షేమ సంఘంగా ఏర్పడిన ‘ఆవా’ కూడా కంటోన్మెంట్లలో జబ్బుపడిన స్త్రీలకు తోడుగా నిలుస్తోంది. అయితే ఈ మంచితనం అంతా మనుషుల మీద ఆధారపడి ఉంది. మనసున్న అధికారి బదిలీ అయి మరొకరు వస్తే, అదే జబ్బుకు, అదే దరఖాస్తుకు వేరే జవాబు రావచ్చు. పైగా అడగడమే కష్టమైన పని. నిజమైన జబ్బుకూ, సెలవు కోసం చెప్పే జబ్బుకూ తేడా పట్టాల్సిన అవసరం యూనిట్‌కు ఉంటుంది కనుక జవాను రుజువులు చూపాల్సి వస్తుంది. 2013 జులైలో తంతి సర్వీసు ఆగిపోయే వరకు, ఇంటి నుంచి వచ్చిన టెలిగ్రామే ఎన్నో సెలవులకు, పొడిగింపులకు ఆధారపత్రంగా చెల్లింది. ఇప్పుడు ఆసుపత్రి కాగితాలు ఫోన్‌లో క్షణంలో చేరుతున్నా, వాటిని ఎంతకాలంలో పరిశీలించి జవాబు చెప్పాలన్న గడువు జవాను చేతిలో లేదు.

రుజువు చూపడానికి ముందు కబురు చేరాలి, చాలా ఇళ్లలో అదే ఆలస్యమవుతుంది. మిలట్రీలో ఉన్నవాడికి ఇంటి కష్టం చెప్పకూడదు, చెబితే అక్కడ వాడి మనసు నిలవదు, ఏదైనా జరిగితే మనదే పాపమవుతుందన్న నమ్మకం సైనిక కుటుంబాల్లో బలంగా ఉంది. భార్యే తన రొమ్ములోని గడ్డ గురించి భర్తకు చెప్పకుండా, సెలవు మీద వచ్చాక చూపించుకుందామని నెలల తరబడి ఆగుతుంది. క్యాన్సర్‌లో నెలలు చిన్న విషయం కాదు; శస్త్రచికిత్సతో పోయే దశకూ, శరీరమంతా పాకే దశకూ మధ్య దూరం కొన్నిసార్లు అంతే. ఈ మౌనాన్ని వీరపత్నుల నిబ్బరంగా కీర్తించడం తేలిక. ఒక ఆరోగ్య వ్యవస్థ దృష్టితో చూస్తే అది రోగ నిర్ధారణలో ఆలస్యం, దానికి చికిత్స ఉంది: ఫీల్డ్‌లో ఉన్నవారి భార్యలకు, వారు ఏ ఊళ్లో ఉన్నా, ఏడాదికొకసారి పరీక్షలు జరిగేలా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు పేరుపేరునా చూడగలవు. ఇప్పుడు ఆ కార్యాలయాల పని ఎక్కువగా మాజీ సైనికుల పెన్షన్లు, సర్టిఫికెట్లు, వితంతువుల వ్యవహారాల చుట్టూ తిరుగుతోంది.

సెలవూ చాలక, దగ్గరి పోస్టింగూ దొరకక, దొరికినా గడువు ముగిసిపోయి జవాను నిస్సహాయుడైన దశలో ఉన్న దారి ఒక్కటే. 1954 నాటి సైనిక నియమాల్లోని 13వ నియమం ప్రకారం, ఒప్పందకాలం పూర్తికాకముందే సొంత అభ్యర్థన మీద సర్వీసు నుంచి విడుదల కోరవచ్చు. భార్యను చూసుకోవడానికి ఉద్యోగం వదులుకున్న భర్త అని లోకం మెచ్చుకునే ఆ నిర్ణయం అసలు ఏం చేస్తుందో మాత్రం చూడాలి. జవానుకు సర్వీసు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల అర్హ సర్వీసు ఉండాలి. మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు వైద్యం అందించడానికి 2003 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో సభ్యత్వానికి పెన్షన్ పొందుతూ ఉండటం షరతు. పందొమ్మిదో ఏట చేరి, ముప్పయ్యో ఏట, పదకొండేళ్ల సర్వీసు తరువాత భార్య కోసం విడుదల అడిగిన జవాను, పెన్షన్ లేకుండా వస్తాడు. పెన్షన్ లేదు కనుక ఈసీహెచ్‌ఎస్ లేదు. సర్వీసులో లేడు కనుక సైనిక ఆసుపత్రిలో భార్యకు అప్పటిదాకా జరుగుతున్న ఉచిత చికిత్సా ఆగిపోతుంది. ఆమె పక్కన కూర్చోవడానికి వచ్చిన మనిషి, వచ్చిన కారణంగానే ఆమె మందును పోగొట్టుకుంటాడు. చేతికందిన గ్రాట్యుటీ మొత్తం కొన్ని నెలల చికిత్సకు కరిగిపోతుంది. ఆ తరువాత రేషన్ కార్డు ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం, లేకపోతే అప్పు. ఇది తెలిసిన జవాను విడుదల అడగడు. సర్వీసులోనే ఉండి, జీతమూ వైద్యమూ నిలబెట్టి, తాను మాత్రం దూరంగా ఉండిపోతాడు. బయటివారికి అది కర్తవ్యదీక్షగా కనిపిస్తుంది. అతనికి తెలుసు, తాను ఆమెకు చేయగలిగిన అతి పెద్ద సేవ దూరంగా ఉండటమేనని. ఒక మనిషిని ఇటువంటి ఎంపికలోకి నెట్టిన నిబంధనను ఏ ఘనకీర్తి పేరుతోనూ సమర్థించలేం.

కష్టాన్ని కొలవడం రాజ్యానికి చేతకాని పనేమీ కాదు. ఏడో వేతన సంఘం సిఫారసుల మీద అమల్లోకి వచ్చిన ప్రమాద, కాఠిన్య భత్యాల పట్టికలో ఏ ప్రదేశం ఎంత ప్రమాదకరం, ఎంత కఠినం అన్నదాన్ని గళ్లుగా విభజించి, అన్నిటికన్నా పైన సియాచిన్‌ను ఉంచి, అక్కడి జవానుకు నెలకు 30,000 రూపాయలు, అధికారికి 42,500 రూపాయలు 2017లో నిర్ణయించారు. సైనిక జీవితంలోని ఇబ్బందులన్నిటికీ పరిహారంగా మిలిటరీ సర్వీస్ పే పేరుతో జవాన్లకు నెలకు 5,200 రూపాయలు ఇస్తున్నారు. నూరు శాతం వైకల్యం పొంది నిరంతరం మరొకరి సాయం అవసరమైన సైనికుడికి సహాయకుడి కోసం ప్రత్యేక భత్యం ఉంది. అంటే పక్కన ఉండి చూసుకోవడమన్నది విలువ కట్టదగిన పని అని ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు సైనికుడి శరీరం దగ్గర ఆగిపోయింది. అతడు గాయపడితే భార్య జీవితాంతం చూసుకుంటుందని అందరూ ఆశిస్తారు. ఆమె పడిపోయినప్పుడు అతడు చూసుకోవడానికి మాత్రం ఏ పట్టికలోనూ గడి లేదు.

ఇతర దేశాల సైన్యాలు ఈ సమస్యను పూర్తిగా పరిష్కరించలేదు గానీ, అధికారి దయకు మాత్రమే వదిలేయలేదు. అమెరికా సైనిక దళాల్లో ప్రత్యేక వైద్య అవసరాలున్న కుటుంబసభ్యుల వివరాలను నమోదు చేయడం సైనికుడికి తప్పనిసరి. బదిలీ ఖరారయ్యేముందు కొత్త చోట ఆ వైద్యం దొరుకుతుందో లేదో చూస్తారు. ఆ నమోదు అతన్ని యుద్ధరంగం నుంచి మినహాయించదు, కానీ భార్య జబ్బు బదిలీ ఫైలులో ఒక వాస్తవంగా నమోదై ఉంటుంది. బ్రిటన్‌లో ఇంటి నుంచి వచ్చే విషమ కబుర్లను రాత్రింబగళ్లు స్వీకరించి, సైనికుడిని ఇంటికి చేర్చే ప్రయాణాన్ని నడిపించే ఉమ్మడి కేంద్రం ఉంది. మన దేశంలోనే 2019లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా కేంద్ర సాయుధ పోలీసు బలగాల జవాన్లు ఏడాదికి కనీసం వంద రోజులు కుటుంబంతో గడిపేలా చూస్తామని ప్రకటించారు. 2023 నవంబరులో ప్రసూతి, శిశు సంరక్షణ, దత్తత సెలవులను మహిళా జవాన్లకు, నావికులకు, వైమానిక దళ సిబ్బందికి అధికారులతో సమానంగా వర్తింపజేసే ప్రతిపాదనను రక్షణ మంత్రి ఆమోదించారు. సెలవుల నిబంధనలు మారరానివి కావని ఈ నిర్ణయాలే చెబుతున్నాయి.

కాబట్టి తీవ్ర వ్యాధుల జాబితా ఒకటి నిర్ణయించి, భార్యకో భర్తకో బిడ్డకో ఆ వ్యాధి ఉన్నట్టు సైనిక వైద్యుడు ధ్రువీకరిస్తే, చికిత్స విడతలకు తగినట్టు ముక్కలుగా వాడుకోగల సంరక్షణ సెలవును కల్పించడం రక్షణ శాఖకు అసాధ్యం కాదు. యుద్ధకాలంలో దాన్ని నిలిపివేసే అధికారాన్ని ప్రభుత్వం అట్టిపెట్టుకోవచ్చు. శాంతికాలంలో నిరాకరిస్తే మాత్రం కారణాన్ని రాతపూర్వకంగా, నిర్ణీత రోజుల్లో, యూనిట్ కన్నా పై స్థాయి అధికారి చెప్పాలి. భర్తకో భార్యకో అని అనడం ఊరికే కాదు. 2020 ఫిబ్రవరి 17న మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ కల్పిస్తూ ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ఇంటి బాధ్యతలను చూపి స్త్రీలను వెనక్కి నెట్టే వాదనను తిరస్కరించింది. ఇక మీదట మంచాన పడిన భర్త ఊళ్లో ఉండి, యూనిఫాంలో ఉన్న భార్య సరిహద్దులో ఉండే ఇళ్లు పెరుగుతాయి. అప్పుడు కూడా సంరక్షణ భారం అత్తగారి మీదే పడుతుందనుకోవడం పొరపాటు, ఆ తరం అత్తగార్లు కూడా ఉద్యోగాల్లో ఉంటారు.

అన్నిటికన్నా ముందుగా సరిచేయవలసింది, ఖర్చు తక్కువగా ఉండేది, విడుదల నిబంధన. కుటుంబసభ్యుల తీవ్ర వ్యాధి కారణంగా, సైనిక వైద్యుల ధ్రువీకరణతో సర్వీసు వదిలిన జవానుకు పెన్షన్ ఇవ్వలేకపోయినా, చికిత్స నడుస్తున్న ఆ ఒక్క రోగికి ఈసీహెచ్‌ఎస్ సభ్యత్వాన్ని చికిత్స ముగిసే వరకు కొనసాగించవచ్చు. అలా బయటికి వచ్చేవారి సంఖ్య సహజంగానే పరిమితం. ఈ సవరణ 2022లో మొదలైన అగ్నిపథ్ పథకం కింద చేరినవారికి మరీ అవసరం. అగ్నివీరులు చేరేనాటికి అవివాహితులై ఉండాలి, నాలుగేళ్ల సర్వీసు, ఏడాదికి 30 రోజుల సెలవు, ముగిశాక పెన్షన్ గానీ ఈసీహెచ్‌ఎస్ గానీ లేవు. వారిలో గరిష్ఠంగా నాలుగోవంతు మందినే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. అంటే నలుగురిలో మిగిలిన ముగ్గురు ఇరవైలలోనే ఊళ్లకు తిరిగి వచ్చి పెళ్లి చేసుకుంటారు, ముప్పైలలో వారి భార్యలకు జబ్బు చేస్తే సైన్యానికి వారితో ఏ సంబంధమూ ఉండదు. నాలుగోవాడు సర్వీసులో ఉంటాడు. అతని భార్యకు ఆ జబ్బే చేస్తే 60 రోజులు, 30 రోజుల పాత లెక్క దగ్గరే దరఖాస్తు మొదలవుతుంది.